వెర్నెల్ చెవి, జారెల్ చుక్క

టర్కీ లిక్ ఊళ్ళో వెర్నెల్ స్టాంపర్ నమ్మేది ఒక్కటే, తన లారీ బ్రేకులు. వాటినైనా పొద్దున్నే నాలుగుసార్లు తొక్కి చూసుకున్నాకే నమ్మేది. పాలడబ్బా కొనాలంటే మూత తీసి వాసన చూడందే కొట్టువాడికి డబ్బిచ్చేది కాదు. టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడు రేపంతా ఎండే అన్నాడంటే ఆవిడ గొడుగు బయటికి తీసేది. చర్చిలో పాస్టరు ప్రార్థన మొదలెట్టగానే ఊరంతా రెండు కళ్ళూ మూసుకుంటే, ఆవిడ మాత్రం ఒక కన్ను తెరిచి చందా పళ్ళేన్ని కాపలా కాసేది. అలా తెరిచీ తెరిచీ ఆ కన్ను రెండోదాని కంటే గుడ్డంత పెద్దదైపోయిందని చెప్పుకుంటారు. అబద్ధమనుకుంటే ఆవిడ ఫొటో తెప్పించి చూడండి.

ఆ అనుమానం ఊరికే రాలేదు లెండి. మొగుడు రస్సెల్ ఫ్లోరిడాలో పడవల వ్యాపారం చేస్తానని వెళ్ళి అక్కడే మునిగిపోయాడు. సముద్రంలో అయితే ఏడ్చి ఊరుకునేది. పడవలమ్మే ఆవిడ ఇంట్లో మునిగాడు. ఆ రోజు నుంచి ఎవరైనా "నన్ను నమ్ము వెర్నెల్" అన్నారంటే చాలు, ఆవిడ చెయ్యి తాళాల గుత్తి మీదకి పోయేది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడ బడి బస్సు నడిపేది. నెలకో శనాదివారం గార్డు. గార్డంటే ఏముంది, నెలలో రెండు రోజులు సైన్యం, మిగతా రోజులు సంసారం. ఊరి చివర ఇటుకల గొడౌనులాంటి ఆర్మరీలో ఊరి సైనిక దళానికి, అంటే కంపెనీకి, చెందిన లారీలుంటాయి. శనివారం పొద్దున్నే మంగలీ మేస్త్రీ బ్యాంకు గుమాస్తా అందరూ ఆకుపచ్చ బట్టలేసుకుని అక్కడ చేరి, ఒకరినొకరు సార్జంట్ అని పిలుచుకుంటారు. వెర్నెల్ పంతొమ్మిదేళ్ళప్పుడు నర్సు చదువుకి ఫీజు కడతారంటే అందులో చేరింది. నర్సు చదువు మొదటి రక్తపు చుక్క చూసిన రోజే మూలపడింది. గార్డు మాత్రం పాతికేళ్ళు నిలిచింది. నాలుగు లారీల మీద, ఎనిమిదిమంది మనుషుల మీద ఇప్పుడు ఆవిడే పెత్తనం.

ఆ ఎనిమిదిమందిలో ఒకడు జారెల్ కూంబ్స్. ఆవిడ పక్క సీటువాడు. ఒకటో తరగతిలో ఆవిడ బస్సెక్కాడు వాడు. కొండ మలుపు వచ్చిందంటే చాలు, పొద్దున తిన్నదంతా కక్కేసేవాడు. అందుకని వాణ్ణి డ్రైవరు వెనక సీట్లో బకెట్టుతో సహా కూర్చోబెట్టేది. పన్నెండేళ్ళు ఆ బకెట్టు ఆవిడే కడిగింది. వాడికి పదిహేడు నిండగానే గార్డులో చేర్పించిందీ ఆవిడే. "మలుపుల్లో కక్కేవాణ్ణి లారీ మీద వేస్తారా!" అని ఊరంతా నవ్వింది. వాడు ఆ తర్వాత ఒక్కసారి కూడా కక్కలేదు. రెండేళ్ళు పక్క సీట్లో దిమ్మలా కూర్చున్నాడు.

అలా కూర్చోబట్టే వాడికి ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతొకటి తెలిసింది. వెర్నెల్‌కి కుడి చెవి వినబడదు. మా వైపు డ్రైవరు సీటు ఎడమ పక్కన కదా, ఇరవయ్యేళ్ళపాటు బస్సు నిండా పిల్లలు ఆ పక్కనుంచి కేకలేసి కేకలేసి ఆ చెవిని నమిలి మింగేశారు. ఒకసారి వాగు పక్క దారిలో వెళ్తుంటే జారెల్ "జింక! జింక!" అని గొంతు చించుకున్నాడు. ఆవిడ రేడియో పాటకి తలూపుతూ నేరుగా దాని మీదకే పోతోంది. వాడు స్టీరింగు లాగబట్టి జింకా బతికింది, వీళ్ళూ బతికారు.

లారీ ఆపి ఆవిడ వాడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఈ సంగతి లారీ దాటి బయటికి పోయిందో..."

"ఏ సంగతి మిస్ వెర్నెల్? నాకేం వినబడలేదే" అన్నాడు వాడు.

అంతే. ఆ రోజు నుంచి ఏదైనా అడ్డమొస్తే నోటితో చెప్పడం మానేసి డాష్‌బోర్డు మీద రెండుసార్లు కొట్టేవాడు. వాళ్ళిద్దరికీ అదే భాష.

తర్వాత జారెల్ కాలేజీకి వెళ్ళాడు. ఆగస్టులో అక్కడ ఆఫీసరు చదువుకి సంతకం పెట్టాడు. వారమంతా కాలేజీలో ఆఫీసరు అవడం ఎలాగో నేర్చుకోవాలి, నెలకోసారి వచ్చి మన గార్డులోనే ఆ పని చేసి చూపించాలి. సిపాయిల్లోంచి తీసేశారు, ఆఫీసర్లలో కలపలేదు. రెండు పడవల మీద చెరో కాలు. ఛాతీ మీద చారలు పీకేసి వాటి చోట నల్లటి చుక్క ఒకటి పెట్టారు. ఇంకో రూలు కూడా ఉంది. ఆ చదువు పూర్తయ్యేదాకా కంపెనీ ఏ యుద్ధానికి పోయినా వాడు పోనక్కర్లేదు.

సెప్టెంబరు దాకా ఆ రూలు సంగతి ఎవడికీ పట్టలేదు. అక్టోబరులో పిడుగు పడింది. చలికాలం చివర కంపెనీ మొత్తం కువైట్‌కి పోవాలని ఆర్డరొచ్చింది.

ఆర్మరీ వంటగదికి డెల్మర్ నేపియర్ పెద్ద. వారంలో మంగలి, శనాదివారాల్లో వంట సార్జంటు. కత్తెరైనా గరిటైనా చేతిలో ఏదో ఒకటి ఉంటే తప్ప ఆయన నోరు తెరుచుకోదు, తెరుచుకుందంటే మూతపడదు. గ్రేవీ కలుపుతూ అందుకున్నాడు.

"ఆగస్టులో సంతకం, అక్టోబరులో ఆర్డరు. వాడి ముక్కు కుక్కముక్కురా. రెండు నెలల ముందే ఇసక వాసన పట్టేశాడు!"

"కుర్రాడికి ఎలా తెలుస్తుంది డెల్మర్?" అన్నారెవరో.

"కాలేజీలో పెద్దాళ్ళుంటారు, చెవిలో ఊదుంటారు. మనం ఎడారిలో వేగుతుంటే చుక్కగారు ఇక్కడ ఐస్‌క్రీం తింటారు."

చెవి అన్న మాట వినగానే గుమ్మంలో నిలబడ్డ వెర్నెల్ గుండె లారీ క్లచ్చులా జారింది. ఆవిడ అనుమానం వేరే దారి పట్టింది. వీడు ఇప్పుడు మన పక్క సీట్లో లేడు. ఆఫీసు గదిలో కెప్టెన్ పక్కన కూర్చుంటున్నాడు. యుద్ధానికి ఎవరు పనికొస్తారు, ఎవరు పనికిరారు అని లెక్కలేసేది ఆ గదిలోనే. తన కుడి చెవి సంగతి తెలిసిన నోరు ఒక్కటే, ఆ నోరు పోయి పోయి ఆ గదిలోనే చేరింది.

ఆవిడకి ఎడారి మీద మోజేం లేదు. సంగతేమిటంటే, ఎనిమిదేళ్ళ కిందట కంపెనీ వెళ్ళినప్పుడు ఆవిడ పిత్తాశయంలో రాళ్ళొచ్చి ఆసుపత్రిలో ఉండిపోయింది. ఏడాదికి జట్టు తిరిగొచ్చింది. ఎవరో "గాడిద, టార్పాలిన్" అంటే చాలు, అందరూ పొట్టలు పట్టుకుని పొర్లేవాళ్ళు. ఆవిడకి అర్థమయ్యేది కాదు. అడిగితే "అక్కడుంటే తెలిసేది వెర్నెల్" అనేవాళ్ళు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళా గాడిదకి నవ్వుతూనే ఉన్నారు, ఆవిడ అర్థమైనట్టు పళ్ళికిలిస్తూనే ఉంది. ఈసారి కూడా వెనక ఉండిపోతే, ఇంక తను జట్టుకి పెద్ద కాదు, చుట్టం.

అందుకని ఓ పని చేసింది. మంచిపని కాదు. గరిటె డెల్మర్‌ది, నెయ్యి ఈవిడది. "నాకూ అలాగే అనిపిస్తోంది డెల్మర్. బడి బస్సెక్కే రోజుల నుంచే పిరికివాడు. కక్కేవాడు కదా" అంది. పారిపోయినవాడని పేరు పడితే రేపు వాడు కెప్టెన్‌కి ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? అదీ ఆవిడ లెక్క.

పాపం ఆ నెలే జారెల్ కొంప ముంచుకున్నాడు. లారీల పెరట్లో నడిచొస్తున్నాడు. ట్రైనింగ్ నుంచి అప్పుడే వచ్చిన కొత్తపిల్లొకతి వీడి ఛాతీ మీద నల్లగా ఏదో చూసి, ఎంత పెద్ద ఆఫీసరో అని హడలిపోయి ఠపీమని సెల్యూట్ కొట్టింది. చుక్కకి సెల్యూట్ కొట్టరు. అది ఆ పిల్లకి తెలీదు, సరే. వీడికి తెలుసు. కానీ కాలేజీలో చిన్నవాళ్ళు రోజూ కొడుతుంటే తిరిగి కొట్టే అలవాటు కదా, వీడి చెయ్యి తనంతట తనే లేచింది. కనుబొమ్మ దాకా వెళ్ళాక బుర్రకి తట్టింది. దించుదామా వద్దా అని గాల్లో అలాగే ఆగిపోయింది.

పెరట్లో అందరూ పని వదిలి వాడి చెయ్యే చూశారు. కాకులు కూడా అరవలేదంటారు.

వంటగది కిటికీలోంచి డెల్మర్ కేక, "ఒరేయ్ రండర్రా! పట్టపగలే చుక్క కనబడింది!"

ఆ నవ్వు పక్క జిల్లాకి వినబడింది. వాడి మొహం బీట్‌రూట్ ముక్కయింది. వెర్నెల్ దగ్గరికి వచ్చాడు, ఏదో చెప్పబోయాడు, నేరుగా ఎదురుగా నిలబడకుండా పక్కకి జరిగి ఆవిడ ఎడమ వైపుకి తిరిగాడు. ఆవిడ అది కూడా గమనించింది. ఈమధ్య ఎప్పుడొచ్చినా ఇంతే. మొహంలోకి చూడడు, దొంగపిల్లిలా చుట్టు తిరిగి పక్కకి చేరతాడు. మనసులో ఏదో లేకపోతే మనిషి ఎదురుగా నిలబడడూ?

"తమరు మాకు కూడా సెల్యూట్ నేర్పుతారా చుక్కగారూ?" అంది.

"సార్జంట్, మీరు కూడానా..."

"సార్జంట్ అట. మిస్ వెర్నెల్ ఎప్పుడు చచ్చిపోయిందిరా?"

వాడు లారీల వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం భోజనం వరసలో ఇంకో తమాషా. గార్డులో ఒక ఆచారముంది. చిన్నవాళ్ళు ముందు తినాలి, పెద్దవాళ్ళు చివర. కింద సిపాయికి గిన్నెలో మిగలకుండా ఏ ఆఫీసరూ స్పూను ముట్టకూడదు. మరి చుక్క ఎక్కడ నిలబడాలి? వరసలో ముందుకెళ్తే "సిపాయి తిండికి ఎగబడ్డాడు" అంటారు, వెనక నిలబడితే "అప్పుడే ఆఫీసరైపోయాడు" అంటారు. జారెల్ అందరికంటే చివర, వెర్నెల్ వెనక నిలబడ్డాడు. డెల్మర్ వాడి పళ్ళెంలో బీన్సు గిన్నె అడుగు గీకి, మాడు మాత్రం వేశాడు.

"చివర నిలబడినంత మాత్రాన ఆఫీసర్లు అయిపోరు" అంది వెర్నెల్, వెనక్కి తిరక్కుండా. వాడు మాడు తిన్నాడు. అంతా తిన్నాడు. దానిమీద కూడా ఆవిడకి అనుమానమే. ఇంత అణకువ ఎందుకంటా?

నవంబరు డ్రిల్లు, అదే ఆ నెల గార్డు శనాదివారం, వచ్చింది. ఆదివారం లారీలన్నీ వరసగా కొండల్లోంచి యాభై మైళ్ళు వెళ్ళి రావాలి. ఎడారికి ముందు రిహార్సలు. ఆ వరస ఎలా పోవాలో, ఏ లారీ ఎక్కడుండాలో నిర్ణయించే పని ఈసారి చుక్కకి అప్పజెప్పారు, నేర్చుకుంటాడని. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ. జనమంతా ఆఫీసు గది ముందునుంచే వరస కట్టారు. వెర్నెల్ తాళాలు ఇవ్వడానికి గది దగ్గరికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల కెప్టెన్ ఇమ్‌హాఫ్ గొంతు. ఈ ఇమ్‌హాఫ్ మేడం వారంలో హైస్కూల్లో లెక్కల టీచరు. మాట మెత్తగానే ఉంటుంది కానీ చూపు పెన్సిలు ముల్లు.

వెర్నెల్ అలవాటు ప్రకారం ఆగి చెవి ఒగ్గింది. ఖర్మ, తలుపు పక్కన ఉన్నది కుడి చెవి. ముక్కలు ముక్కలుగా వినబడింది.

జారెల్ అంటున్నాడు, "స్టాంపర్... చెవి... మేడం."

వెర్నెల్ ఊపిరి ఆగింది. గబుక్కున తల తిప్పి ఎడమ చెవి ఆనించింది. ఇంక అన్నీ గంట కొట్టినట్టు వినబడ్డాయి.

"ఖచ్చితంగా చెప్తున్నావా?" కెప్టెన్ అడిగింది.

"రెండేళ్ళు పక్కన కూర్చున్నాను మేడం. నాకంటే ఎవరికి తెలుసు?"

"ఆవిడకి చెప్పావా?"

"లేదు మేడం. చెప్తే గొడవ చేస్తుంది."

వెర్నెల్ తలుపుని కాలితో తన్నింది. ఆ తలుపు ఇప్పటికీ ఒక బందు మీదే వేలాడుతోంది, వెళ్ళి చూసుకోవచ్చు.

"చెప్పేశావు కదరా! నీ కక్కు బకెట్టు పన్నెండేళ్ళు కడిగానురా నేను! రస్సెల్ నయం, వాడు అబద్ధమైనా ఎదురుగా చెప్పి పోయాడు! నా చెవి సంగతి నీ కడుపులో రెండేళ్ళు దాగింది, చుక్క పెట్టగానే కక్కేశావా?"

వరసలో ఉన్న ముప్పైమందీ పళ్ళేలు గాల్లో పెట్టుకుని ఆగిపోయారు. కెప్టెన్ ఇమ్‌హాఫ్ కళ్ళజోడు తీసింది. నిజంగానే అర్థంకాక అడిగింది.

"ఏ చెవి?"

"కుడిది!" అంది వెర్నెల్.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి చూశాం గానీ, అడగకముందే గుమ్మడికాయ తెచ్చి బల్లమీద పెట్టిన మనిషిని ఆ రోజే చూసింది టర్కీ లిక్. జారెల్ రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. మాట నోరు దాటాక వెర్నెల్‌కి కూడా ఏదో తేడాగా అనిపించింది. కానీ లారీ కొండ దిగుతోంది, బ్రేకుల్లేవు.

కెప్టెన్ నెమ్మదిగా చెప్పింది. "మేం మాట్లాడింది చివర గురించి సార్జంట్. రేపు నీ లారీ వరసలో చివర పెడదామంటున్నాడు. నువ్వెప్పుడూ ముందు లారీయే కావాలంటావు కదా, చెప్తే గొడవ చేస్తావని..."

"చివర?" అంది వెర్నెల్.

"చివర" అన్నాడు జారెల్. ఇంక దాచడానికేం లేదు కాబట్టి నేలవైపు చూస్తూ చెప్పాడు. "చివర లారీకి వెనక హారన్ కొట్టేవాళ్ళుండరు, మిస్ వెర్నెల్."

ఎవరూ నవ్వలేదు. డెల్మర్ కూడా. గరిటె మాత్రం చేతిలోంచి జారి గ్రేవీలో పడింది.

కెప్టెన్ కళ్ళజోడు పెట్టుకుంది. "ఇది విననట్టు నేనుండలేను వెర్నెల్. నాకు రెండు చెవులూ పనిచేస్తాయి."

తర్వాత జరగాల్సింది జరిగింది. పరీక్షకి పంపారు. గాజు గదిలో కూర్చోబెట్టి, కూత వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. పోయినేడు అదృష్టం మీద గుడ్డిగా నొక్కి గట్టెక్కింది. ఈసారి కుడి చెవిలో కూతలు పెట్టిన సేపూ ఆవిడ మీట నొక్కుతూనే ఉంది. కూతలు ఆపేసి డాక్టరు టీ తాగడానికి వెళ్ళాక కూడా నొక్కుతోందట. కువైట్ పోయేవాళ్ళలోంచి ఆవిడ పేరు తీసేశారు. ఇక్కడే ఉండి ఆర్మరీ చూసుకోమన్నారు.

డిసెంబరు డ్రిల్లులో ఆవిడ భోజనం వరస ముందుకెళ్ళి నిలబడింది. "కుర్రాడు పారిపోయాడని డెల్మర్ అన్నాడు. దానికి ఉప్పూ కారం వేసింది నేను. నా చెవి దాచుకోడానికి వేశాను. ఇంక ఎవడైనా ఆ మాటన్నాడంటే వాడికి ఎడమ చేత్తో ఒకటిస్తాను, వాడికీ ఒక చెవే మిగులుతుంది" అంది. డెల్మర్ గొంతు సవరించుకుని, ఆ రోజు జారెల్ పళ్ళెంలో మాడు కాకుండా బీన్సే వేశాడు. పైన ఉల్లిపాయ ముక్కలు కూడా. డెల్మర్ భాషలో క్షమాపణంటే అదే.

ఫిబ్రవరిలో బస్సులొచ్చాయి. బడి పిల్లల బ్యాండు వాయించింది, పెళ్ళాలు ఏడ్చారు, డెల్మర్ తన గరిటెని సంచిలో పెట్టుకుని ఎక్కాడు. వెర్నెల్ జట్టు కిటికీల్లోంచి చేతులూపింది. ఆవిడ రెండు చేతులూ ఊపింది. చివరి బస్సు మలుపు తిరిగిందో లేదో చేతులు దించేసింది.

జారెల్ వచ్చి మళ్ళీ చుట్టు తిరిగి ఎడమ పక్కన నిలబడ్డాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు" అంది ఆవిడ. "ఆగస్టులో నీకు వాసన తగిలిందా?"

"తగల్లేదు. కానీ అక్టోబరులో ఆర్డరొచ్చిందన్నప్పుడు... హమ్మయ్య అనిపించింది. ఒక్క క్షణం. తర్వాత మీ మొహం చూడలేకపోయాను."

ఆవిడ తలూపింది. అన్ని నెలల అనుమానంలో ఒక్క గింజ నిజం దొరికింది, దాంతో ఆవిడకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. మొత్తం అబద్ధమైతేనే ఆవిడ తట్టుకోలేకపోయేది.

"అందుకేనా దొంగపిల్లిలా ఈ పక్కకి చేరతావు?"

"కాదు. ఈ చెవేగా వినబడేది."

ఆవిడ ఆర్మరీ తలుపు తోసింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. అంత పెద్ద ఆర్మరీలో అడుగులు గుమ్మటంలోలా మోగుతున్నాయి. పొయ్యి మీద డెల్మర్ వదిలిపోయిన బీన్సు గిన్నె, పక్కన మొక్కజొన్న రొట్టె. రెండు పళ్ళేలు తీసింది. జారెల్ వెంటనే వెనక్కి జరిగాడు.

"మీరు ముందు."

"చిన్నవాళ్ళు ముందు. రూలు తెలీదా?"

"ఆఫీసర్లు చివర కదా మిస్ వెర్నెల్."

"ఆఫీసరువి ఎప్పుడయ్యావురా? చుక్కవి. ఇక్కడ ఇంకా నువ్వు నా పక్క సీటువాడివే." పళ్ళెం వాడి చేతికిచ్చింది. గిన్నె మీద వంగి వాసన చూసింది. పెద్ద కన్ను ఇంకా పెద్దది చేసి గిన్నెలోకి చూసింది. "పైగా డెల్మర్ పోతూ పోతూ ఇందులో ఏం కలిపాడో ఎవరికి తెలుసు. ముందు నువ్వే తిను."

వాడు తిన్నాడు. ఆవిడ చేతులు కట్టుకుని వాడి మొహం చూస్తూ నిలబడింది. వాడు నములుతూ బల్లమీద రెండుసార్లు కొట్టాడు.

"ఏంట్రా? ఏముంది? ఏం కలిపాడు?"

"ఏంలేదు. ఉప్పు తక్కువైంది" అన్నాడు వాడు.

అప్పుడు ఆవిడ తన పళ్ళెం అందుకుంది. అయినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఉప్పుడబ్బా మూత తీసి, అది ఉప్పేనా అని నాలిక్కి అద్ది చూసుకుంది.